మిద్దె మీద సోలారుంటే ఫ్యాన్ ఎందుకు ఆగిపోయింది

పిల్లలూ,

మొన్న సెలవలకి తిరుపతికి వచ్చినప్పుడు ఒకటి అడిగినారు గుర్తుందా, ఎదురింటోళ్ళ మిద్దె మీద అన్ని సోలార్ పలకలుండాయి కదా తాతా, మిట్టమధ్యాన్నం కరెంటు పోతే వాళ్ళ ఫ్యాను కూడా ఎందుకు ఆగింది అని. అప్పుడే అవ్వ అన్నానికి పిలిచింది, మీరు పరిగెత్తినారు, జవాబు నా నోట్లోనే ఉండిపోయింది.

పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె ఒకటుంటాది, అదే సోలార్ ఇన్వర్టర్. లైన్లో కరెంటు పోతే అది తనంతట తనే ఆగిపోవాల. లేకపోతే ఆ పలకల కరెంటు తిరిగి లైన్లోకి ఎక్కుతుంది, స్తంభం మీద రిపేరు చేసే లైన్‌మన్ ప్రాణం పోతాది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే లైన్‌తో తెగతెంపులు చేసుకుని ఇంటి వరకు నడుపుతుంది, వాళ్ళది అట్లాంటిది కాదు.

అసలు సంగతి ఆ బ్యాటరీ దగ్గరే ఉండాది. మదనపల్లి మార్కెట్‌కి టమాటా అంతా ఒకేసారి వచ్చి పడితే రోడ్డు పక్కన పారబోస్తారు చూడండి, ఇంకో నెలకి అదే టమాటా కొనలేక ఏడుస్తాం. కరెంటు అంతకన్నా అధ్వానం, టమాటా రెండు రోజులైనా బుట్టలో ఉంటాది, కరెంటు తయారైన క్షణమే ఎవరో ఒకరు వాడేయాల. నేను సబ్‌స్టేషన్లో పని చేసేటప్పుడు ఎదురుగా ఫ్రీక్వెన్సీ మీటర్ ఉండేది, కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చూపిస్తాది, అది 50 దగ్గర నిలబడాల. వాడకం ఎక్కువైతే కిందికి జారుతుంది, తయారీ ఎక్కువైతే పైకి పోతుంది. బాగా జారితే ఫలానా ఫీడర్, అంటే ఊళ్ళకి పోయే లైను, తీసేయమని పైనుంచి ఫోన్. స్విచ్ తీసేది నేను, ఊరోళ్ళ తిట్లు తినేదీ నేనే.

ఇప్పుడు సోలార్ మధ్యాన్నం పొంగిపోతా ఉంది, ఒక్కోసారి ప్లాంట్లని తగ్గించుకోమని చెప్పాల్సి వస్తుంది. సాయంత్రం 7కి లైట్లు, ఏసీలు, టీవీలు అన్నీ ఆన్ అయ్యేసరికి సూర్యుడు లేడు. మధ్యాన్నంది సాయంత్రానికి దాచాల, అంతే కథ.

దాచడానికి నీళ్ళు ఒక దారి. మన మిద్దె మీది 1000 లీటర్ల ట్యాంకు ఉంది కదా, 10 మీటర్ల ఎత్తు అనుకోండి, నిండుగా ఉన్నా దాంట్లో ఉండే శక్తి యూనిట్‌లో 37వ వంతు! నేను కూడా లెక్క వేసి నమ్మలేక మళ్ళీ వేసినా. అదే ట్యాంకు తిరుమల కొండ మీద ఉంటే, కింద ఊరికీ కొండకీ సుమారు 700 మీటర్ల తేడా కదా, దగ్గర దగ్గర 2 యూనిట్లు వస్తాది. మనింట్లో ఇన్వర్టర్ కింద కూర్చున్న 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది చూడండి, దాంట్లో పట్టేది కూడా 1.8 యూనిట్లే. కొండంటే అదీ మరి.

శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో ఈ పనే చేస్తారు, 150 మెగావాట్ల మిషన్లు 6 ఉండాయి. కరెంటు మిగిలినప్పుడు అవే మిషన్లు మోటార్లయి కింది నీళ్ళని మళ్ళీ పైకి తోస్తాయి, కావలసినప్పుడు అవే నీళ్ళు దిగి టర్బైన్లు తిప్పుతాయి. 100 యూనిట్లు పెడితే 75, 80 తిరిగొస్తాయి. మిగిలింది పోయినట్టే, టమాటా ఒరుగులు పెడితే రసం పోదా!

బ్యాటరీలో నష్టం తక్కువ, కొండ అక్కర్లేదు, కన్ను మూసి తెరిచేలోగా కరెంటు ఇస్తాది, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ అరుగుతుంది. ఎంతకాలం ఆడుతుంది అంటే నీళ్ళదే గెలుపు, నేనైతే రెండూ కావాలంటా.

ఇంక దాచే ఖర్చే లేని దారి ఒకటుంది, ఎండున్నప్పుడే వాడేయడం. మా చిన్నప్పుడు అర్ధరాత్రి వచ్చే కరెంటుకి టార్చి పట్టుకుని, పాములకి భయపడతా చెరుకు తోటలో మోటార్ వేసేటోళ్ళం, ఇప్పుడు పగలే 9 గంటలు ఇస్తున్నారు.

ఇదే మాట మీ అవ్వకి చెప్పినా, సాయంత్రం 7కి గ్రైండర్ ఎందుకు, మధ్యాన్నం 12కే పిండి రుబ్బేయొచ్చు కదా అని. "పొద్దుటికి పులిసిపోయిన పిండితో దోసెలు నువ్వు తింటావా" అనింది. పిండిని దాచే సంగతి మాత్రం నా లెక్కలో లేదు.

మీ తాత