ప్లేట్ ఖాళీగా ఉంటే లైగేజ్‌నే తిడతాం: క్లోనింగ్‌లో అపోహలు - వాస్తవాలు

క్లోనింగ్ అంటే ఒక డీఎన్ఏ ముక్కని (ఇన్సర్ట్) ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏలో (వెక్టర్) లైగేజ్ అనే ఎంజైమ్‌తో అతికించి, బ్యాక్టీరియాలోకి పంపి ప్లేట్ మీద కాలనీలుగా పెంచడం. అది పని చేయలేదంటే ల్యాబ్‌లో మొదట వినపడే మాట "లైగేజ్ పోయిందేమో, కొత్తది ఆర్డర్ పెడదాం" అని. ఎంజైమ్ పోవడం చాలా అరుదండీ. దానికంటే ముందు పాడయ్యేది బఫర్, ఎందుకంటే మనం వాడే టీ4 లైగేజ్‌కి శక్తినిచ్చే ఏటీపీ అందులోనే ఉంటుంది, ట్యూబ్‌ని పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే ఆ ఏటీపీ కాస్తా పోతుంది, అందుకే బఫర్ రాగానే చిన్న చిన్న ట్యూబుల్లో పంచేసుకోవాలి. ఇంకోటి యూవీ. జెల్‌లో డీఎన్ఏ బ్యాండ్ కోస్తూ ట్రాన్స్‌ఇల్యూమినేటర్ (యూవీ లైట్ పెట్టె) మీద తీరిగ్గా కూర్చుంటే డీఎన్ఏ దెబ్బతింటుంది, బ్యాండ్ మాత్రం చక్కగానే కనిపిస్తుంది, అదే గొడవ.

అసలు తప్పు ఎక్కడుందో కంట్రోల్స్ పెడితేనే తెలుస్తుంది. కట్ చేయని ప్లాస్మిడ్ వేస్తే సెల్స్ (బ్యాక్టీరియా) బాగున్నాయో లేదో తెలుస్తుంది, కట్ చేసి లైగేజ్ వేయని వెక్టర్‌కే బోలెడు కాలనీలొస్తే కటింగ్ పూర్తవలేదని, ఇన్సర్ట్ లేకుండా లైగేజ్ వేస్తేనే పెరిగితే వెక్టర్ తనంతట తానే మూసుకుంటోందని. ప్లేట్లు దండగని ఇవి మానేస్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

"ఇన్సర్ట్ మూడింతలు వేయాలి" అన్నది సగం నిజం. మూడింతలు అంటే అణువుల సంఖ్యలో, నానోగ్రాముల్లో కాదు. వెక్టర్ 5 కేబీ (ఒక కేబీ అంటే వెయ్యి బేస్‌ల పొడవు), 50 నానోగ్రాములు, ఇన్సర్ట్ 1 కేబీ అనుకోండి, 3:1 కి కావాల్సింది 30 నానోగ్రాములే. బరువు చూసి 150 వేస్తే అది 15:1 అయి కూర్చుంటుంది.

గిబ్సన్ అసెంబ్లీ అనే పద్ధతి వచ్చాక రెస్ట్రిక్షన్ ఎంజైములతో (డీఎన్ఏని నిర్ణీత సైట్ల దగ్గర కోసేవి) పనిలేదు అనేవాళ్లూ ఉన్నారు. 2009లో వచ్చిన ఆ పద్ధతి గొప్పదే, 50 డిగ్రీల దగ్గర ఎక్సోన్యూక్లియేజ్ 5' కొసల్ని తింటుంది, కలిసే కొసలు అతుక్కుంటాయి, పాలిమరేజ్ ఖాళీలు పూడుస్తుంది, లైగేజ్ కుట్టేస్తుంది, అన్నీ ఒకే ట్యూబ్‌లో. కానీ ముక్క మరీ చిన్నదైతే, అంటే 200 బేస్‌లకి లోపు, ఎక్సోన్యూక్లియేజ్ దాన్ని మొత్తం నమిలేసే ప్రమాదం ఉంది, రిపీట్లు ఉంటే కొసలు తప్పు చోట అతుక్కుంటాయి. ఒక్క జీన్‌ని ఒక్క వెక్టర్‌లో పెట్టడానికి ఫ్రీజర్‌లో ఉన్న ఈకోఆర్‌వన్, హిండ్‌త్రీ లాంటి రెస్ట్రిక్షన్ ఎంజైములే చాలు, ఖర్చూ తక్కువ. చాలా ముక్కలు వరసగా కలపాలంటే నా ఓటు గోల్డెన్ గేట్ పద్ధతికే. అందులో వాడే బీఎస్ఏవన్ ఎంజైమ్ తన సైట్ బయట కోస్తుంది కాబట్టి అతుక్కున్నాక ఆ సైటే ఉండదు, మళ్లీ కోయలేదు. జీన్ లోపల ఆ సైట్ ఉందేమో మాత్రం ముందే చూసుకోండి.

కొన్ని వెక్టర్లలో ఇన్సర్ట్ కూర్చుంటే నీలం రంగునిచ్చే జీన్ తెగి కాలనీ తెల్లగా వస్తుంది. మరి తెల్ల కాలనీ అంటే క్లోన్ దొరికినట్టేనా? కాదు. వెక్టర్ కొసలు కాస్త అరిగి తప్పుగా మూసుకున్నా తెల్లగానే వస్తుంది, ఫ్రేమ్‌లో కూర్చున్న చిన్న ఇన్సర్ట్ ఉన్న కాలనీ నీలంగానూ రావచ్చు. యాంపిసిలిన్ (యాంటీబయాటిక్) ప్లేట్‌ని ఎక్కువసేపు ఉంచితే పెద్ద కాలనీ చుట్టూ వచ్చే చిన్న చుక్కలైతే అసలు తీయొద్దు, పెద్దది వదిలిన ఎంజైమ్ అక్కడి మందుని విరిచేస్తే బతికిన ప్లాస్మిడ్ లేని సెల్సే అవి.

కాలనీలోని డీఎన్ఏ ముక్కని కాపీలు తీసి చూసే కాలనీ పీసీఆర్‌లో బ్యాండ్ చూసి పండగ చేసుకోవడం కూడా ఇంతే. రెండు ప్రైమర్లూ (కాపీ మొదలయ్యే చోటుకి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఇన్సర్ట్‌వే అయితే లైగేషన్ మిక్స్‌లో మిగిలి ప్లేట్ మీద పడిన డీఎన్ఏ కూడా బ్యాండ్ ఇస్తుంది. ఒకటి వెక్టర్‌ది పెట్టండి, ఆ తర్వాత రెండు జాయింట్లూ దాటేలా సీక్వెన్సింగ్‌కి పంపండి.