పనుల కాలంలో బొమ్మలు: అపోహలు, వాస్తవాలు

మార్గశిరం వచ్చిందంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను నడిపే డ్రాయింగ్ తరగతి పలచబడుతుంది. కోతలు, నూర్పులు, గురువారం లక్ష్మీపూజలు, ఆ వెంటనే ధనుర్మాసం ముగ్గులు, సంక్రాంతి పిండివంటలు, పండక్కి వచ్చే కూతుళ్లూ అల్లుళ్లూ, అవి ముగిసేసరికి మాఘమాసం పెళ్లిళ్లు. నా దగ్గర నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఇల్లు నడిపే ఆడవాళ్లే. "పండగ అయ్యాక మళ్లీ మొదలుపెడతానండీ" అని చెప్పి వెళ్తారు. తిరిగి వచ్చేవారు కొందరే. మిగిలినవారి కోసం ఇది రాస్తున్నాను. పనులు ఎక్కువన్న మాట నిజమే. అయితే వారిని అంతకంటే గట్టిగా పట్టి ఆపుతున్నవి, బొమ్మల గురించి ఎవరో చెప్పగా నమ్మిన మాటలు.

అపోహ: బొమ్మ వేయాలంటే గంటసేపు తీరిక, ఒక ప్రశాంతమైన గది కావాలి

వాస్తవం: చిత్రకళ నేర్పే కళాశాలల్లో మనిషిని ఎదురుగా నిలబెట్టి మొదట వేయించేవి అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాల బొమ్మలే. వివరాలకు పోయే వ్యవధి ఇవ్వకుండా ఒంటి వంపునూ, బరువు ఏ కాలి మీద ఉందన్నదాన్నీ పట్టించడమే దాని ఉద్దేశం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాలు ఇంకో సంగతి చెబుతాయి. ఒక మాటను రాసుకున్నప్పటికంటే ఆ మాట సూచించే వస్తువును గీసినప్పుడు అది బాగా గుర్తుండిపోయింది. గీయడానికి 4 సెకన్లే ఇచ్చినా ఫలితం నిలిచింది. బొమ్మ బాగా కుదిరిందా లేదా అన్నదానితో పని లేకపోయింది.

ఇంటి పనుల్లో ఉన్న గొప్ప సదుపాయం ఏమిటంటే, వాటిలో కదలిక మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది. బియ్యం చెరుగుతున్న మనిషిని చూడండి. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంటాయి. చేట లేస్తుంది, గింజలు ఎగిరి వెనక్కి పడతాయి, పొట్టు అంచు దాటి పోతుంది. మళ్లీ చేట లేస్తుంది. మీరు గీయవలసిన భంగిమలు రెండే: చేట లేచినప్పటిది, దిగినప్పటిది. పేజీలో రెంటికీ పక్కపక్కనే చోటు పెట్టుకోండి. మొదట మెడ నుంచి నడుము దాకా వెన్ను గీత. తర్వాత భుజాల వాలు. ఆ తర్వాత మోచేతి కోణం. చేట లేస్తే ఎడమ బొమ్మకు ఒక గీత, దిగితే కుడి బొమ్మకు ఒక గీత. ముఖం జోలికి పోవద్దు. బియ్యం రాశి సగమయ్యేసరికి రెండు బొమ్మలూ నిలబడతాయి.

అరిసెల రోజు ఇంకా అనువైనది. ఒకరు పాకంలో పిండి కలుపుతారు, ఒకరు ఉండలు తట్టుతారు, ఒకరు మూకుడు దగ్గర కూర్చుంటారు, ఒకరు వేగినదాన్ని ఒత్తి నూనె తీస్తారు. ఎవరి చోటు వారిదే, ఎవరి కదలిక వారిదే, అదీ గంటల తరబడి. ఒడియా ఇళ్లలో ఆరిసా పిఠా వండేదీ ఈ రోజుల్లోనే, కనుక పక్కింటికి సాయం వెళ్లినా పుస్తకం వెంట ఉంచుకోండి.

అపోహ: ముగ్గులు వేయడం బొమ్మలు వేయడం కిందికి రాదు

ఈ మాట నేను విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు. "ఈ నెలంతా ముగ్గులు తప్ప బొమ్మలేం వేయలేదండీ" అని క్షమాపణ అడుగుతున్నట్టు చెబుతారు. నెలంతా రోజూ తెల్లవారుజామున నిలువెత్తు ముగ్గు వేసిన మనిషి అలా అనడం నాకు బాధగా ఉంటుంది.

వాస్తవం: నేను తరగతిలో నెలల తరబడి చెప్పీ చెప్పీ అలవాటు చేయించాలని చూసేవన్నీ ముగ్గులో ఉన్నాయి. కాగితం మీద కొత్తగా గీసేవారు మణికట్టుతో గీస్తారు. గీత పొట్టిగా, అతుకులు అతుకులుగా వస్తుంది. నడుము వంచి నేల మీద ముగ్గు లాగేటప్పుడు చెయ్యి భుజం దగ్గర నుంచి కదులుతుంది, అందుకే వంపు ఒక్క ఊపులో తిరుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి జారే తీరును బట్టి గీత సన్నగానో లావుగానో పడుతుంది. కలంతో ఒత్తిడి మార్చి గీయడమూ ఇటువంటి అదుపే. పదిహేను చుక్కలు పెట్టి, సందు చుక్కతో ఎనిమిదికి దించే ముగ్గులో లెక్క, దూరాల సమానత, ఎడమకూ కుడికీ పొంతన అన్నీ కంటితోనే కుదరాలి. స్కేలు ఉండదు, రబ్బరు ఉండదు. తప్పు పడితే దాన్ని కలుపుకుని ముందుకు పోవాలి.

ఈ చేతిని కాగితం మీదకు తెచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముగ్గు పూర్తయ్యాక పుస్తకంలో అగ్గిపెట్టంత గడి గీసి, వాకిలితో సహా ఆ ముగ్గును అందులో వేయండి. నిలబడి చూస్తే గుండ్రటి ముగ్గు కోలగా కనిపిస్తుంది, దూరాన ఉన్న చుక్కలు దగ్గరపడతాయి. దూరపు వస్తువు చిన్నదై కనిపించే తీరు పాఠంగా చెబితే చాలామందికి తలకెక్కదు. తమ చేత్తో వేసిన ముగ్గును అలా కోలగా గీసినవారికి అది విడిగా చెప్పవలసిన పనే ఉండదు.

మా ఊళ్లో ఇంకో భాగ్యం ఉంది. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో మాణబసా అనే లక్ష్మీపూజకు బియ్యప్పిండి జారుగా కలిపి ఝోటి అనే ముగ్గు వేస్తారు. వరి కంకులు, గుమ్మం నుంచి పూజ చోటు దాకా లక్ష్మి పాదాలు. వేళ్లను పిండిలో ముంచి గోడ మీద కంకి గింజలు వరసగా ఒత్తుకుపోయే ఆ చెయ్యిని ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. గింజకు ఒక్క ఒత్తే, దిద్దడం లేదు. మన ముగ్గు పొడి పిండితో గీత మీద నడుస్తుంది, ఝోటి తడి పిండితో ఒత్తు మీద నడుస్తుంది. ఒకే వీధిలో రెండూ దొరికే ఊరు మనది. ఇంత నేర్పు కళ్లెదుట జరుగుతున్న నెలలో బొమ్మలు ఆగిపోయాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అపోహ: 21 రోజులు విడవకుండా చేస్తేనే అలవాటు అవుతుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికే

వాస్తవం: ఈ 21 వెనుక ఉన్నది బొమ్మలూ కాదు, అలవాట్లూ కాదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తర్వాత మారిన తమ ముఖానికి రోగులు అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. ఆ 'కనీసం' కాలక్రమంలో రాలిపోయి, అంకె మాత్రం నిలిచిపోయింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ఫలితాలు వెలువరించింది. తినడం, తాగడం, వ్యాయామం వంటి రోజువారీ అలవాట్ల మీద జరిగిన అధ్యయనం అది. అలవాటు కుదరడానికి పట్టే కాలం ఒక్కొక్కరికి ఒక్కోలా, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. నడిమి లెక్క 66. ఒకసారి తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని రోజు తప్పిందని బాధపడేవారు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు తమ కొత్త అలవాటును అప్పటికే రోజూ చేసే ఏదో ఒక పనికి ముడిపెట్టుకున్నారు. నేను చెప్పేదీ అదే. గడియారంలో వేళ పెట్టుకుంటే పండగ రోజుల్లో అది నిలవదు. పాలు పొయ్యి మీద పెట్టాక, పిల్లలకు జడలు వేశాక, మండీలో ధాన్యం టోకెన్ పట్టుకుని వంతు కోసం కూర్చున్నాక అని పెట్టుకోండి. చుట్టాలను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్లేవారికి ఇంకా మేలు. నౌపడా-గుణుపురం లైనులో వచ్చేవి కొద్ది రైళ్లే. ప్లాట్‌ఫాం మీద మూటలకు ఆనుకుని కూర్చున్నవారికంటే కదలకుండా ఉండే మనుషులు మీకు దొరకరు.

అపోహ: ఖరీదైన సామగ్రి లేకుండా గీస్తే చెయ్యి పాడవుతుంది

వాస్తవం: ఈ కాలానికి బాల్‌పెన్ను చాలు. దాని సిరా నూనె ఆధారమైనది కాబట్టి తడి చెయ్యి తగిలినా పాకదు. చాలా జెల్ పెన్నుల సిరా నీటి ఆధారమైనది, వంటింట్లో ఒక్క చుక్క పడితే పేజీ పోతుంది. పెన్సిలే కావాలంటే 2బి తీసుకోండి. 6బి మరీ మెత్తన, చీర కొంగుకు, ఎదుటి పేజీకి అంటుకుంటుంది. పుస్తకం ఎ6 కొలత, అంటే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవు ఉంటే అరచేతిలో ఇముడుతుంది. అది పోపులపెట్టె పక్కన ఉండాలి. బీరువాలో పెట్టిన పుస్తకంలో ఈ నెలల్లో బొమ్మ పడదు.

అపోహ: పోలిక రాకపోతే అది బొమ్మే కాదు

వాస్తవం: మన గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో లంజియా సవర గిరిజనుల ఇళ్లకు వెళ్లినవారు ఇడితాల్ గోడ బొమ్మలు చూసే ఉంటారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, కొస నలగ్గొట్టిన పుల్లతో వేస్తారు. ముందు చుట్టూ అంచు గీసి, లోపలి చోటంతా మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులతో నింపుతారు. ఏ ముఖానికీ కళ్లూ ముక్కూ ఉండవు. అయినా ఎవరు నడుస్తున్నారో, ఎవరు మోస్తున్నారో, ఎవరు ఆడుతున్నారో తెలిసిపోతుంది. ఒంటి వాలు, చేతుల కోణం అన్నీ చెప్పేస్తాయి. లంజియా సవర చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇవి పితృదేవతలకు, దేవతలకు అంకితం చేసే బొమ్మలు. పెళ్లి శుభలేఖ మీద అలంకారానికి ఎత్తి వేసుకోవడం నాకు నచ్చదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను పట్టుబట్టి నేర్చుకున్న ఊరు మనది. సవరల బొమ్మల దగ్గరకు కూడా అలా నేర్చుకోవడానికే వెళ్లాలి. పంక్తి భోజనంలో వడ్డిస్తున్న పదిమందిని రెండు నిమిషాల్లో వేయాలనుకున్నప్పుడు, పేజీకి ముందు అంచు గీసి, ముఖాలు వదిలేసి, వంగిన నడుములు మాత్రమే పట్టుకోండి. ఆ గోడల నుంచి మనం నేర్చుకోగలిగిన చూపు అది.

అపోహ: ఫోటోలు తీసి పెట్టుకుని తర్వాత తీరికగా గీయవచ్చు

వాస్తవం: ఆ తర్వాత ఎప్పుడూ రాదు. పైగా ఫోను కెమెరా వెడల్పు కోణంలో చూస్తుంది. దగ్గరున్న చెయ్యి పెద్దదై, వెనక ఉన్న తల చిన్నదై పడుతుంది. దాన్ని చూసి గీస్తే ఆ వంకర బొమ్మలోకీ వస్తుంది. నగల అల్లిక, పల్లకి చెక్కడం వంటి వివరాలకు ఫోటో పనికొస్తుంది, అంతవరకే.

అపోహ: ఇంట్లో పని పెట్టుకుని బొమ్మలు వేయడం బాధ్యత లేకపోవడం

అన్నిటికంటే లోతుగా దిగిన అపోహ ఇదే. నాకు కోపం తెప్పించేదీ ఇదే. అదే ఇంట్లో అరుగు మీద గంటసేపు పేపరు చదివే మగవారిని ఎవరూ అడగరు. రెండు నిమిషాలు పెన్ను పట్టిన కోడలిని మాత్రం "ఇప్పుడా నీకు బొమ్మలు?" అంటారు.

వాస్తవం: పని చేసేవారిని, పని జరిగే చోటునే గీయడం మన దేశ చిత్రకళలో గౌరవమైన దారి. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభలకు గాంధీజీ కోరిక మీద చిత్రకారుడు నందలాల్ బోస్ వేసిన పోస్టర్లలో డోలు వాయించేవారు, దూది ఏకేవారు, బట్టలు కుట్టేవారు ఉన్నారు. అందుకోసం ఆయన చుట్టుపక్కల పల్లెల జీవితాన్ని చూసి గీసుకున్నారు. మామూలు రోజుల్లోనూ పోస్టుకార్డుల మీద చిన్న చిన్న బొమ్మలు వేస్తూనే ఉండేవారు.

ఇంట్లో ఒప్పించడానికి వాదన కంటే బొమ్మే బాగా పనిచేస్తుంది. చెరుగుతున్న అత్తయ్యగారిని గీశాక చూపించండి. "నేనింత వంగిపోయానా?" అని అడిగిన పెద్దవారిని చూశాను, మర్నాడు పీట ఎత్తు పెంచుకున్నవారినీ చూశాను. ఎవరైనా వద్దంటే మాత్రం గీయకండి. చావు ఇంట్లో, పూజ నడిమధ్యలో, కొత్త పెళ్లికూతురు ఏడుస్తున్నప్పుడు పుస్తకం మూసే ఉంచాలి.

అపోహ: హడావిడిలో వేసినవి దాచుకోదగ్గ బొమ్మలు కావు

వాస్తవం: ఇరవై ఏడేళ్లకే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు వదిలివెళ్లినవాటిలో పెద్ద చిత్రాలతో పాటు స్కెచ్ పుస్తకాలూ ఉన్నాయి. ఒక చిత్రకారుడి కన్ను ఎటు తిరిగిందో తెలిసేది వాటిలోనే. మీ ప్రతి పేజీకీ అడుగున తేదీ, చోటు, జరుగుతున్న పని రాయండి. 'కళ్లం, మూడో కుప్ప, పొద్దుటి మంచు' అన్నంత చాలు. బాల్‌పెన్ను గీత ఎండకు వెలిసిపోతుంది, కాబట్టి పేజీలు చించి గోడకు అంటించవద్దు. ఎక్కువకాలం ఉండాలనుకున్నవాటి గీతల మీద పిగ్మెంట్ సిరా పెన్నుతో మరోసారి గీయండి. మాఘం పెళ్లిళ్లు తగ్గాక ఆ పుస్తకం తరగతికి తెండి. అందులోంచి రెండు ఎంచుకుని పెద్ద కాగితం మీద రంగుల్లో వేద్దాం. కొత్త పుస్తకం కొనవద్దు, పాతదానిలో మిగిలిన పేజీల్లోనే కొనసాగించండి.