బరువు తగ్గే బైపాస్ తర్వాత కడుపునొప్పి అంటే గ్యాసేనా? అపోహలు - వాస్తవాలు

"గ్యాస్ అనుకున్నాం డాక్టర్ గారూ."

బరువు తగ్గే ఆపరేషన్లు చేసే మాకు ఎమర్జెన్సీలో పదేపదే వినపడే మాట ఇది. ఆపరేషన్ అయి రెండు మూడేళ్లు గడిచాక కడుపునొప్పి మొదలవుతుంది. వాము నములుతారు, సోడా తాగుతారు, మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర అడిగి వేసుకుంటారు. ఇక ఓర్చుకోలేని దశలో మా దగ్గరికి వస్తారు. ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా జరగదు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ఆపరేషన్ అయి ఏళ్లయింది, ఇప్పటి నొప్పికీ దానికీ సంబంధం లేదు.

వాస్తవం: గ్యాస్ట్రిక్ బైపాస్‌లో చిన్నపేగును పైకి తెచ్చి, చిన్నదిగా చేసిన పొట్ట సంచికి కలుపుతాం. అలా కలిపినప్పుడు పేగును పట్టి ఉంచే పొర దగ్గర సందులు ఏర్పడతాయి. ఆపరేషన్ రోజున ఆ పొర నిండా కొవ్వే. మనిషి సన్నబడేకొద్దీ ఆ కొవ్వూ కరుగుతుంది, సందు వెడల్పవుతుంది. పేగు అందులోకి జారి మెలిక పడితే దాన్నే ఇంటర్నల్ హెర్నియా అంటాం. బాగా బరువు తగ్గినవాళ్లలోనే ఈ ముప్పు ఎక్కువ. మొదటి ఆపరేషన్‌లోనే సందులు కుట్టేస్తే ముప్పు చాలా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఈ నొప్పి వచ్చి పోతూ ఉంటుంది. తిన్నాక పొట్ట పైభాగంలో, తరచూ ఎడమవైపు, పట్టేసినట్టు మొదలై వీపులోకి పాకుతుంది. పేగు దానంతటది వెనక్కి జారితే తగ్గిపోతుంది. తగ్గిందంటే గ్యాసేనని ఇంట్లో అందరూ తేల్చేస్తారు. "స్కానింగ్ నార్మలే కదండీ" అంటారు. అల్ట్రాసౌండ్‌లో ఇది సాధారణంగా దొరకదు. సీటీ స్కాన్‌లో పేగు రక్తనాళాలు సుడి తిరిగినట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది, కానీ ఒక్కోసారి సీటీ కూడా మామూలుగానే ఉంటుంది. నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే లాపరోస్కోపీతో లోపల చూడాల్సిందే. చూశాక ఏమీ లేదని తేలితే మంచిదే. చూడకుండా వదిలేస్తే మాత్రం పేగు కుళ్లిపోవచ్చు.

ఒకమ్మాయి ఏడో నెల గర్భంతో వచ్చింది, అంతకుముందు బైపాస్ అయింది. నొప్పి వచ్చినప్పుడల్లా "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనమ్మా" అని అత్తగారు సర్దిచెప్పారట, పాపం ఆవిడకు మాత్రం ఏం తెలుసు. గర్భసంచి పెరిగి పేగుల్ని పైకి నెట్టే ఆ నెలల్లోనే హెర్నియా ప్రమాదం ఎక్కువ. గైనకాలజిస్టును పక్కన పెట్టుకుని ఆపరేషన్ చేశాం. పేగు నేరేడుపండు రంగులోకి తిరిగిపోయి ఉంది. మెలిక విప్పి, గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డలు చుట్టి, ఎదురుచూశాం. మెల్లగా ఎరుపు వచ్చింది, తర్వాత పేగు కదలడం మొదలైంది. పేగును కొయ్యకుండానే సందులు కుట్టి ముగించాం. బిడ్డ నెలలు నిండాకే పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే ఈ మాట ఇలా రాయగలిగేవాణ్ణి కాదు.

అపోహ: మోకాళ్ల నొప్పికి ఒక మాత్రేగా, ఏం కాదు.

వాస్తవం: అవుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు పొట్టకూ పేగుకూ వేసిన అతుకు దగ్గర పుండు చేస్తాయి. ఆ పుండు చిల్లు పడితే అర్ధరాత్రి ఆపరేషనే. ఆర్ఎంపీ గారు ఇంజెక్షన్‌గా ఇచ్చినా అదే ప్రమాదం. బీడీ, సిగరెట్ కూడా అంతే. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకండి, మీ డాక్టర్‌కు చెప్పండి.

అపోహ: వాంతులు మామూలే, సెలైన్ ఎక్కిస్తే సరి.

వాస్తవం: అప్పుడప్పుడు గబగబా తిని కక్కుకోవడం వేరు, రోజూ వాంతులవడం వేరు. అతుకు సన్నబడి ఉండొచ్చు, దాన్ని ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు. అంతకన్నా తొందరైన విషయం ఇంకోటి ఉంది. శరీరంలో బి1 విటమిన్ నిల్వలు రెండు మూడు వారాలకే అయిపోతాయి. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. చూపు రెండుగా కనపడినా, నడకలో తూలినా, మాట తికమకగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, బి1 ఇంజెక్షన్ ఇమ్మని అడగండి. ఒకప్పుడు తెల్లబియ్యం తిని ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరితో మంచాన పడ్డవాళ్లకు లోపించిందీ ఈ విటమినే.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. స్లీవ్ అంటే పొట్టను సన్నని గొట్టంలా చేసే ఇంకో రకం ఆపరేషన్, అందులో పొట్టలో 75-80 శాతం తీసేస్తాం, దాన్ని తిరిగి పెట్టలేం. స్లీవ్ తర్వాత మందులకు లొంగని ఎసిడిటీ వస్తే బైపాస్‌గా మార్చడం మంచి దారే. బరువు మళ్లీ పెరిగిన ప్రతివాళ్లకూ రెండో ఆపరేషన్ అక్కర్లేదు. రెండోసారి చేసేదానిలో లీకుల (కుట్ల దగ్గర లోపలి ద్రవం కారడం) ముప్పు మొదటిదానికన్నా ఎక్కువ, కాబట్టి ముందు ఎండోస్కోపీ, తిండి అలవాట్లు, వాడే మందులు అన్నీ చూడాలి. వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావడం కూడా మామూలే.

ఇది చదివి టెన్షన్ పడకండి, ప్రతి నొప్పీ మెలిక కాదు. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో జ్వరం లేకపోయినా నాడి 120 దాటితే లీకేమోనని చూపించుకోవాలి. మీ డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో ఫోన్లో పెట్టుకోండి. స్లీవా, బైపాసా, ఒకే అతుకుతో చేసే మినీ బైపాసా అన్నది ఇంట్లో ఇంకొకరికైనా తెలిసి ఉండాలి. నొప్పి వచ్చి తగ్గిపోయినా సరే మీ సర్జన్‌కు ఫోన్ చేయండి. తగ్గకపోతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి, "గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, ఇంటర్నల్ హెర్నియా ఏమో చూడండి" అని నోరు తెరిచి చెప్పండి. వెళ్లేటప్పుడు ఏమీ తినకండి, తాగకండి.