మోకాలి గుజ్జుకు తిండి ఎలా అందుతుంది?

మా అమ్మమ్మకు డెబ్బై దాటాక చీర అంచు నేలకు రాసుకోవడం మొదలైంది. "ఈమధ్య చీరలకు పన్నా పెంచారేమిటే?" అని అమ్మను అడిగేది. బొడ్డు దగ్గర ఇంకో మడత దోపుకుని వంటింట్లోకి నడిచేది. పన్నా పెరగలేదు. అమ్మమ్మే పొట్టిదైంది.

ఆవిడ ఎక్కడా జారి పడలేదు. గుల్లబారిన వెన్నుపూసలు ముందువైపు నొక్కుకుపోతే మనిషి ఎత్తు తగ్గి వీపు వంగుతుంది. చాలామందిలో ఇది తెలియకుండానే జరిగిపోతుంది. నడుం నొప్పి అనుకుని ఏదో ఆయింట్‌మెంటు రాసుకుని ఊరుకుంటారు.

అప్పట్లో ఆవిడ రాత్రి భోజనం గుప్పెడు మజ్జిగన్నం, ఓ నిమ్మకాయ బద్ద. "వయసు మీదపడ్డాక తేలిగ్గా తినాలమ్మా" అనేది. మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళ మాట ఇదే. వాళ్ళ వెన్నుకూ మోకాళ్ళకూ ఇంత చేటు చేసే అలవాటు ఇంకోటి ఉండదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఎముక అనగానే మనకు కాల్షియం గుర్తొస్తుంది. కానీ ఎముక బరువులో సుమారు మూడో వంతు ప్రొటీనే. ఆ ప్రొటీన్ అల్లికలో కాల్షియం, ఫాస్ఫరస్ చేరితేనే గట్టిదనం వస్తుంది. ఇక వెన్నును నిటారుగా పట్టి ఉంచేది, మెట్టు దిగేటప్పుడు మోకాలికి తగిలే అదురును కాచుకునేది కండ. వయసుతో కండ కరుగుతుంది. పైగా ఒకే గుడ్డు తిన్నా కుర్రవాళ్ళకు పట్టినంత కండ పెద్దవాళ్ళకు పట్టదు. కాబట్టి వయసు పెరిగేకొద్దీ కంచంలో పప్పు, గుడ్డు, పాలు పెరగాలి. వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటున్నారు. 55 కిలోల మనిషికి కనీసం 55 గ్రాములన్నమాట. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, 30 గ్రాముల కందిపప్పులోనూ అంతే. గుప్పెడు మజ్జిగన్నంలో నాలుగైదు గ్రాములు దొరకడమే ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే పెంచుకోవాలి.

కాల్షియం సంగతి కొంచెం వేరు. మన ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మిగిలిన ఆ కాస్తా రక్తంలో, కణాల్లో ఉండి గుండెను, నరాలను నడిపిస్తుంది. తిండిలో చాలకపోతే శరీరం ఎముక నుంచి తీసుకుని రక్తానికి ఇస్తుంది. ముట్లుడిగాక ఈ అరుగుదల ఆడవాళ్ళలో ఇంకా వేగంగా సాగుతుంది. ఎదిగిన మనిషికి రోజుకు కనీసం 1000 మి.గ్రా. కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల బియ్యంలో 10 మి.గ్రా. కూడా ఉండదు. అదే రాగుల్లో దాదాపు 360. సీమలో రాగులు, తెలంగాణలో తైదలు, శ్రీకాకుళం వైపు చోళ్ళు, పేరు ఏదైనా గింజ ఒకటే. మునగాకు, తోటకూర, నువ్వులు కూడా మంచివే. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టేసుకుంటాయి, అందుకే ఒంటికి పట్టేది తక్కువ.

తిన్న కాల్షియం బాగా ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. చాలామంది లేత ఎండలో నిలబడితే చాలనుకుంటారు. తిరుపతిలో జరిగిన పరిశోధనలో చర్మం విటమిన్ డి బాగా తయారు చేసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ఎండలో అని తేలింది. మన ఎండాకాలంలో ఆ వేళకు పెద్దవాళ్ళను ఎండలో నిలబెట్టలేం, అది ప్రమాదం. రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టరు రాసిన మందు వాడటమే మేలు.

ఇక గుజ్జు, అంటే కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తటి పొర. "మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, బెండకాయ తినండి" అనే సలహా వినని ఇల్లుండదు. బెండకాయ మంచి కూరే. కానీ దాని జిగురు పేగుల దగ్గరే ఆగిపోతుంది, మోకాలి దాకా రాదు. మేకకాళ్ళ సూపులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ కూడా అరుగుదలలో చిన్న చిన్న ముక్కలైపోతుంది, నేరుగా వెళ్ళి కీలులో అతుక్కోదు.

అసలు గుజ్జుకు రక్తనాళాలే లేవు. కీలులో ఉన్న ద్రవమే దానికి తిండి. అడుగు వేసినప్పుడు గుజ్జు నొక్కుకుని పాత ద్రవాన్ని వదులుతుంది, కాలు ఎత్తినప్పుడు ఉబ్బి కొత్తది పీల్చుకుంటుంది, అచ్చం తడి స్పాంజిలాగే. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులదీ దాదాపు ఇదే పద్ధతి. పగలంతా మన బరువుకు నీరు పిండుకుపోయి, రాత్రి పడుకున్నాక మళ్ళీ నింపుకుంటాయి. అందుకే పొద్దున లేచినప్పటి కంటే సాయంత్రానికి మనం ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా పొట్టిగా ఉంటాం. నొప్పి అని మంచం దిగకపోతే ఎంత మంచి తిండి తిన్నా కీలుకు సరిగా అందదు. ఒంటి బరువు ఎక్కువున్నవాళ్ళు ఒక కిలో తగ్గినా, ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మా అమ్మకు ఇప్పుడు అరవై ఎనిమిది. సాయంత్రం వీధి చివరి గుడి దాకా నడిచి వస్తుంది. రాత్రి తినేది ఇప్పటికీ మజ్జిగన్నమే, కాకపోతే ముందు ఓ పెసరట్టో, గిన్నెడు ముద్దపప్పో తిన్నాకే ఆ అన్నం కలుపుకుంటుంది.