థైరాయిడ్ అనగానే ఆవ పెట్టిన కూర మానేస్తారేంటండీ? శాకాహారుల అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోను తక్కువగా తయారవడం) ఉన్నవాళ్లు, అందులోనూ నీసు ముట్టనివాళ్లు, నా దగ్గరికి వచ్చేటప్పటికే సగం కూరలు మానేసి వస్తారు. "క్యాబేజీ మానీసినాను మేడమ్, గోబీ మానీసినాను, ముల్లంగీ మానీసినాను, ఇంకేటి తినాలో మీరే చెప్పండి" అంటారు. సరే, థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా అని అడిగితే మాత్రం "పొద్దున్న టీతోనే" అని టక్కున జవాబొస్తుంది. నాకు పేచీ ఆ టీతోనే, క్యాబేజీతో కాదు.

అపోహ: క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ అసలు ముట్టకూడదు.

వాస్తవం: వీటిల్లో గాయిట్రోజెన్స్ ఉన్న మాట నిజమే, థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ సరిగ్గా అందకుండా అడ్డుపడతాయి అన్నదీ నిజమే, కానీ ఎంత తింటే? 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు వచ్చింది, 88 ఏళ్ల పెద్దావిడ షుగర్ తగ్గుతుందని బాక్ చాయ్ అనే క్యాబేజీ జాతి ఆకుని పచ్చిగానే రోజుకి కేజీ నుంచి కేజీన్నర దాకా నెలల తరబడి తిని ప్రాణం మీదకి తెచ్చుకుంది. మనం వారానికి రెండుసార్లు ఉడకబెట్టి పోపు వేసుకునే కూరకీ దానికీ పోలికే లేదు, పైగా ఉడికిస్తే గాయిట్రోజెన్స్ బాగా తగ్గుతాయి. "ఆవ ఉడకదు కదా మేడమ్, దించాకే కదా కలుపుతాం" అని ఒకరిద్దరు తెలివిగా అడిగారు. ఉడకదు, నిజమే. కానీ ఇంటిల్లిపాదికీ వండిన పనసపొట్టు కూరలో పడేది ఒకటి రెండు చెంచాల ఆవ ముద్ద, ఒంట్లో అయోడిన్ సరిపడా ఉన్నవాళ్లకి దాంతో వచ్చే నష్టమేం లేదు, హాయిగా తినండి. నేను ఆపమనేది పరగడుపున రోజూ తాగే పచ్చి క్యాబేజీ జ్యూస్, అలాంటివి.

అపోహ: చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) తింటే థైరాయిడ్ పెరిగిపోతుంది.

వాస్తవం: గంటెల విషయంలో కొంచెం నిజం ఉంది. సూడాన్‌లోని డార్ఫర్‌లో అయోడిన్ అందక, పైగా మూడు పూటలా గంటెలే తినేచోట గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి వాచి గొంతు ముందు ఉబ్బడం, ఎక్కువ కనిపించింది, గంటెల్లోని ఆ అడ్డుపడే గుణం వండినా పూర్తిగా పోదు. అందుకని రోజూ గంటె సంకటే వద్దు, మార్చి మార్చి తినండి చాలు. చోళ్లతో మాత్రం మనవైపు గొడవ వేరు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 340 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది, ఒంటికి చాలా మంచిది, కానీ పొద్దున లేచి మాత్ర వేసుకుని వెంటనే గ్లాసుడు చోడి అంబలి తాగేస్తే ఆ కాల్షియం మాత్రని పట్టేసుకుంటుంది, మందు రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. డాక్టరు గారేమో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె, హార్మోను తక్కువైతే ఇది పెరుగుతుంది) తగ్గలేదని డోసు పెంచుతారు, మీరేమో చోళ్లు పడలేదనుకుంటారు.

మాత్ర పరగడుపున, మంచినీళ్లతోనే. ఆ తర్వాత కనీసం అరగంట, కుదిరితే గంట ఏమీ వద్దు, పాల టీ కాఫీలు కూడా వద్దు. ఐరన్ మాత్రలకీ కాల్షియం మాత్రలకీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రని దీంతో కలిపి ఒకేసారి మింగేసే గర్భిణులు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇంకా ముఖ్యం, ఎందుకంటే కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ డోసు మామూలుగా పెంచాల్సి వస్తుంది కాబట్టి నెల తప్పిందని తెలియగానే డాక్టరుకి చెప్పాలి. పొద్దున్నే కుదరట్లేదు అంటే రాత్రి తిన్న మూడు నాలుగు గంటలకి వేసుకోవచ్చు, డాక్టరుని అడిగి మార్చుకోండి.

అపోహ: కల్లుప్పు, సైంధవ లవణం సహజం కాబట్టి అవే మంచివి.

వాస్తవం: ఇది నాకు కోపం తెప్పించే అపోహ. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులు చూసి పెరిగిన మనకి సముద్రపు ఉప్పంటే అభిమానం ఉండడం సహజమే, కానీ సముద్రంలో అయోడిన్ ఉన్నా మడిలో ఎండి గడ్డకట్టిన ఉప్పులో మిగిలేది చాలా తక్కువ, విడిగా కలిపితేనే ఉంటుంది. పింక్ సాల్ట్ అనే సైంధవ లవణం కూడా అంతే. చేపలు తినేవాళ్లకి కాస్త వేరే దారి ఉంది, మనకి పాలు, పెరుగు తప్పితే అయోడిన్ వచ్చేది ప్రధానంగా ఉప్పు నుంచే. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు కావాలి. ఊరగాయలకి కల్లుప్పు వాడుకోండి, రోజువారీ పప్పులోకి కూరలోకి అయోడైజ్డ్ ప్యాకెట్టే కొనండి, మూత గట్టిగా పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి, దించే ముందు వేస్తే ఇంకా మంచిది.

అలాగని ఆ ఉప్పే ఎక్కువ తింటే జబ్బు తగ్గుతుందని కాదు. ఇప్పుడు మనం చూసే కేసుల్లో ఎక్కువ హషిమోటో, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడటం. దానికి అయోడిన్ అతిగా ఇస్తే ఉన్నది ముదరొచ్చు. ఆన్‌లైన్లో అమ్మే సముద్రపు నాచు మాత్రల జోలికి పోకండి.

అపోహ: ధనియాల నీళ్లు తాగితే మాత్ర మానేయొచ్చు.

మానేయకూడదు. తాగాలనిపిస్తే తాగండి, మాత్ర వేసుకున్న గంటకి.

అపోహ: నా పది కేజీల బరువు థైరాయిడ్ వల్లే.

వాస్తవం: హైపోథైరాయిడ్ వల్ల వచ్చే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కేజీల లోపే, అందులోనూ ఎక్కువ నీరు. మిగతాది ఎక్కడిదో వంటింట్లో వెతకాలి. పలాస నుంచి చుట్టాలు తెచ్చిన జీడిపప్పు డబ్బా టీవీ పక్కనే ఉంటే, వంద గ్రాములకి సుమారు 550 కేలరీలు మరి.

నీరసం కూడా అన్నీ థైరాయిడ్ మీదకే తోసేస్తారు. మాత్ర సరిగ్గా వేసుకుని టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చినా కాళ్లు తిమ్మిర్లు, నీరసం పోకపోతే విటమిన్ బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. బీ12 మొక్కల్లో ఉండదు, పాలు పెరుగు తక్కువ తినేవాళ్లకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి ఇంకా తగ్గుతుంది. ఐరన్ తగ్గినా థైరాయిడ్ హార్మోను తయారీ మందగిస్తుంది, అందుకే పప్పు, ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోండి, భోజనం వెంటనే టీ వద్దు. మీల్ మేకర్ (సోయా ముక్కలు) తినొచ్చు, మాత్రకి మాత్రం దూరంగా. పప్పులు బాగా తినమని అందరికీ చెప్తాను గానీ శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వచ్చేవాళ్లకి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడకుండా చెప్పను, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి లెక్క వేరు.

కార్తీక సోమవారం ఉపవాసమని మాత్ర ఆపేవాళ్లు, మంచినీళ్లతో మాత్ర మింగితే ఉపవాసం పోతుందా అని పంతులుగారినే అడగండి, నాకు తెలిసిన ఏ పంతులుగారూ వద్దనలేదు.

డోసు మార్చాక టెస్టు ఆరు నుంచి ఎనిమిది వారాలకి చేయించుకోవాలి, పది రోజులకే చేయించి రిపోర్టు ఫోటో పంపితే నేను చెప్పగలిగేదేం ఉండదు. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇవ్వడానికి రెండు రోజుల ముందే ఆపండి, లేకపోతే ఆ అంకెలు తప్పుగా రావచ్చు.