అనాసపువ్వులో దోసెల పిండి

పిల్లలూ,

మొన్న ఆదివారం బిరియానీలో అనాసపువ్వు పంటికింద పడితే మా మనవరాలు దాన్ని కడిగి, రెక్కలు లెక్కపెట్టి, "తాతయ్యా, ఈ నక్షత్రంలో ఏముంటుంది?" అంది. బిరియానీ చల్లారిపోతుందని అప్పుడు చెప్పలేదు.

దాంట్లో ఉన్నది దోసెల పిండి. నవ్వకండి. అసలు పేరు షికిమిక్ ఆమ్లం. 1885లో ఐక్‌మన్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త జపాన్‌లో షికిమి చెట్టు నుంచి తీశాడు కాబట్టి ఆ పేరు. షికిమి మన అనాసపువ్వుకు దాయాదే, కానీ విషం.

అమ్మ బియ్యమూ మినప్పప్పూ కలిపి రుబ్బినట్టే, మొక్క చక్కెర నుంచి వచ్చిన రెండు సరుకులు కలిపి ఈ పిండి చేసుకుంటుంది. మనింట్లో తొలిరోజు దోసె, మర్నాడు ఊతప్పం, పులిశాక పునుగులు. మొక్క ఇంట్లో లవంగం ఘాటు, దాల్చినచెక్క వాసన, పసుపు రంగు, వంకాయ తొక్క ఊదా, జామపిందె వగరు, చివరికి టేకు దూలం గట్టిదనం కూడా ఈ పిండివంటలే. వీటిలో చాలావాటిని ఫినాలిక్ పదార్థాలంటారు. యాలకుల వాసనది మాత్రం వేరే వంటిల్లు.

వగరంటే గుర్తొచ్చింది. మా పెరట్లో అరటిగెల కొట్టిన రోజు, తెల్లచొక్కాతో పట్టుకోవద్దని నాయనమ్మ అరుస్తున్నా నేను పట్టుకున్నాను. నీళ్ళలాంటి రసమే కదా అనుకున్నా. సాయంత్రానికి నల్లమచ్చ. అదీ ఈ వగరు పనే. ఏడాదంతా ఆ చొక్కాతోనే బడికెళ్ళాను. పెద్దవాళ్ళ మాట అప్పుడప్పుడైనా వినాలి.

గ్లైఫోసేట్ అనే కలుపుమందు చల్లితే మొక్కలో పిండి గిన్నెలు నిండిపోతాయి, పొయ్యి మాత్రం వెలగదు. పాపం, చచ్చిపోతుంది. మన ఒంట్లోనైతే ఈ పిండి రుబ్బే గ్రైండరే లేదు. ఆ పిండితో తయారయ్యే ఫినైల్ అలనైన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక ముక్క) లేకుండా మనం బతకలేం, కాబట్టి మొక్క వండిందే తినాలి, లేదా మొక్క తిన్న ఆవు పాలు తాగాలి.

అనాసపువ్వు దగ్గర వండగా మిగిలిన పిండి చాలా ఉంటుంది. దాంతోనే ఫ్లూ మందు టామిఫ్లూ చేశారు. అలాగని పువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. అది పిండే, దోసె కాదు.

ఇంత ఘుమఘుమ ఎండలోంచి, గాలిలోంచి, నీళ్ళలోంచి ఎలా వస్తుందో తలుచుకుంటే నాకిప్పటికీ నోట మాట రాదు. అందుకే ఇక చెప్పను. అమ్మ వంకాయలు తరిగేటప్పుడు రెండు ముక్కలు అడగండి. ఒకటి పళ్ళెంలో పెట్టండి, ఒకటి ఉప్పునీళ్ళలో వేయండి. పావుగంట ఆగి, ఏది ఏ రంగుకు తిరిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య