ట్రాఫిక్ వార్తలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా సిటీ రిపోర్టింగ్ చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం ట్రాఫిక్ బీటే (అంటే ట్రాఫిక్ వార్తలు రాసే బాధ్యత). పెళ్లికెళ్లినా, బస్సెక్కినా నా పని ఏంటో తెలియగానే ఎవరో ఒకరు ఈ వార్తల మీద ఒక మాట అంటారు. కొన్ని మాటలు సరికావు, కొన్ని మాకు తగలాల్సినవే. రెండూ రాస్తున్నాను.

అపోహ: "మూడు కిలోమీటర్ల మేర నిలిచిన వాహనాలు" అని రాశారంటే ఎవరో కొలిచే ఉంటారు.

చాలాసార్లు ఎవరూ కొలవరు. జంక్షన్‌లో ఉన్న కానిస్టేబుల్‌ను అడిగితే "రెండు మూడు కిలోమీటర్లు ఉంటది సార్" అంటాడు, పాపం ఆయన నిలబడ్డ చోటు నుంచి క్యూ చివర ఆయనకూ కనిపించదు. ఏడున్నరకు ఆఫీసులో వార్తలు దిద్ది పేజీలు పెట్టే డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది, ఆ రెండు మూడు కాస్తా పేజీలోకి వెళ్లేసరికి మూడు అయిపోతుంది. మొదట్లో నేనూ అలాగే రాశాను. ఇప్పుడు మెట్రో లైన్ ఉన్న రోడ్డయితే పిల్లర్ నంబర్లు చూస్తాను. క్యూ ఏ పిల్లర్ దగ్గర మొదలైంది, ఏ పిల్లర్ దాకా ఉంది అని రాసుకుంటే చాలు, రెండు పిల్లర్ల మధ్య సుమారు 25 నుంచి 30 మీటర్లు వేసుకుంటే లెక్క తేలిపోతుంది. అమీర్‌పేట వైపు ఒక సాయంత్రం అందరూ రెండు కిలోమీటర్లని చెప్పిన జామ్‌ను అలా నడుచుకుంటూ లెక్కపెడితే 26 పిల్లర్లే వచ్చాయి, అంటే ముప్పావు కిలోమీటరు. కానీ ఆ ముప్పావు కిలోమీటరు దాటడానికి ఒక ఆటో డ్రైవర్‌కు నలభై నిమిషాలు పట్టింది. నా దృష్టిలో అసలు వార్త ఆ నలభై నిమిషాలే.

అపోహ: వాన పడింది, అందుకే జామ్ అయింది.

రాత్రి రెండింటికి అదే వాన పడితే మీకు జామ్ కనిపించదు కదా. సాయంత్రం ఐదున్నరకు పడితే ఏమవుతుందో నేను హైటెక్ సిటీలో తడుస్తూ చూశాను. మలుపు దగ్గర నీళ్లు నిలిచి ఎడమ లేన్ పోతుంది, బైకుల వాళ్లు తడవకుండా ఫ్లైఓవర్ కింద ఆగితే ఇంకో లేన్ పోతుంది (వాళ్లను తప్పుపట్టలేం, ఎక్కడికి వెళ్తారు?), క్యాబులు దొరక్క జనం రోడ్డు మీదికి వస్తారు, అదే సమయానికి ఆఫీసులన్నీ ఒకేసారి వదులుతాయి. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను మూడు విడతలుగా లాగౌట్ చేయమని కోరారు. ఆఫీసు టైమింగ్స్‌కూ జామ్‌కూ ఉన్న లింకును పోలీసులే ఒప్పుకున్న సందర్భం అది. ఇలాంటివి మా పేజీల్లో సూచనల కాలమ్‌లోకి వెళ్లిపోతాయి, పెద్ద అక్షరాల్లో మాత్రం "వాన బీభత్సం, వాహనదారుల నరకయాత్ర" వస్తుంది. వాన మీద నెట్టేస్తే ఎవరినీ ప్రశ్న అడగక్కర్లేదు.

అపోహ: ర్యాంకుల్లో ఫలానా సిటీ ముందుంది కాబట్టి అక్కడి జనం ఎక్కువ కష్టపడుతున్నారు.

నగరాల్లో ప్రయాణానికి పట్టే టైము లెక్కగట్టి ర్యాంకులిచ్చే టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కలు వచ్చినప్పుడు "బెంగళూరును దాటేసిన కోల్‌కతా" అని అందరం హడావుడి చేశాం. 10 కిలోమీటర్లు వెళ్లడానికి రెండు చోట్లా సగటున 34 నిమిషాల పైచిలుకే, తేడా అర నిమిషం కూడా లేదు. పైగా ఆ లెక్క చెప్పేది 10 కిలోమీటర్లకు పట్టే టైము, మనిషి రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరగాలో చెప్పదు. బస్సు కోసం స్టాపులో నిలబడ్డ అరగంట అందులో లేదు.

అపోహ: ఫ్లైఓవర్ ప్రారంభమైంది, ఇక ఆ జంక్షన్ కష్టాలు తీరినట్టే.

ప్రారంభం రోజు వెళ్లి ఖాళీ రోడ్డు ఫొటో తీసి "తీరిన ట్రాఫిక్ కష్టాలు" అని వేస్తాం. ఆరు నెలల తర్వాత అదే చోటికి మళ్లీ వెళ్లి రాసిన వార్త మీరు ఎన్నిసార్లు చదివారు? నేనే లెక్కపెట్టుకుంటే నాలుగో ఐదో. వెళ్లినప్పుడల్లా కనిపించింది ఒకటే, జామ్ తర్వాతి సిగ్నల్ దగ్గరికి జరిగింది. అది రాయాలంటే రెండు పూటలు అక్కడ నిలబడాలి, ఆ రెండు పూటలు డెస్క్ ఇవ్వదు.

హైదరాబాద్‌లోనే బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్‌ను 2019 నవంబర్‌లో తెరిచారు. అదే నెల 23న ఒక కారు పైనుంచి కింద పడి, కింద రోడ్డు పక్కన ఉన్న మహిళ చనిపోయారు. పైన వెళ్లే కార్లకు ఎంత టైము ఆదా అవుతుందో అప్పటిదాకా అందరం రాశాం, కింద నిలబడే మనుషుల గురించి ఎవరం రాయలేదు. ట్రాఫిక్ అంటే కారు అద్దంలోంచి కనిపించేదే అనుకోవడం మా బీట్‌లో అన్నిటికంటే పెద్ద అపోహ. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. మా వార్తల్లో వాళ్లు ఎక్కువగా ప్రమాదం జరిగిన రోజే కనిపిస్తారు, జామ్ ఉన్న రోజు "వాహనదారుల ఇక్కట్లు" మాత్రమే ఉంటాయి.

అపోహ: సంక్రాంతి జామ్ అంటే విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా.

ఫొటో బాగా వస్తుంది కాబట్టి కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, టోల్ దాటడం కంటే చౌటుప్పల్ ఊరు దాటడానికే ఎక్కువసేపు పట్టిన పండగలు నేను చూశాను.

ఇంకో మాట కూడా ఎక్కువగా వింటాను, "ఫొటో పంపినా వేయరు" అని. రోజూ వాట్సాప్‌లో వచ్చే వాటిలో సగం ఎప్పటివో, ఎక్కడివో తెలియవు, పోయినేడాది వాన ఫొటో ఈ ఏడాదీ తిరుగుతుంటుంది. పంపేటప్పుడు టైము, దగ్గరున్న పిల్లర్ నంబరో షాపు పేరో, మీరు ఎటు నుంచి ఎటు వెళ్తున్నారో, ఎంతసేపుగా ఆగారో నాలుగు ముక్కలు రాయండి. నడుస్తూ వెళ్తున్నా, బస్సులో ఉన్నా సరే రాయండి, మరీ ముఖ్యంగా మీలాంటి వాళ్లే రాయాలి. బండి నడుపుతూ మాత్రం ఫోన్ తీయొద్దు.